పదిహేను వందల్లో వీడియో సామాను.. మైకు, లైటు, స్టాండు ఇంట్లోనే

మెహందీ డిజైన్లు వేసే అమ్మాయి, మగ్గం వర్క్ చేసే కారీగర్, ఖట్టీ దాల్, బగారా బైంగన్ చేసి చూపించే గృహిణి, ఇంట్లో ట్యూషన్ చెప్పే సారు.. ఇవాళ వీళ్లందరి చేతిలోనూ ఫోన్ ఉంది. చాలామందికి ఒక ఛానల్ పెట్టాలన్న ఆలోచన కూడా ఉంది. ఆలోచన రాగానే మొదలయ్యే పని మాత్రం వీడియో కాదు, షాపింగ్. రింగ్ లైటు, వైర్‌లెస్ మైకు, గింబల్.. ఆ తర్వాత ‘ఈ ఫోన్ కెమెరా చాలదు’ అని ఈఎంఐ మీద కొత్త ఫోన్. మూడు నెలలకు వీడియోలు ఆగిపోతాయి. కిస్తీలు ఆగవు.

యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బులో వాటా రావాలంటే ఛానల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. దాంతోపాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల పాటు జనం వీడియోలు చూసి ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. అంతవరకు పెట్టే ప్రతి రూపాయీ సొంత జేబులోంచి పోయేదే. పైసా రాబడి లేని ఆ కాలానికి అప్పు తేవడం ఏ లెక్కన చూసినా తప్పే. చేతిలో ఉన్న ఫోన్‌తోనే పని మొదలుపెట్టి, దాని చుట్టూ కావాల్సిన సామానును ఇంట్లో తయారు చేసుకుంటే సరిపోతుంది. ఖర్చుకు ఒక వరస ఉంది: ముందు గొంతు, తర్వాత వెలుతురు, ఆ తర్వాత స్టాండు. కెమెరా అన్నింటికన్నా చివర. జనం ఈ వరసను సరిగ్గా తలకిందులు చేస్తారు.

గొంతు ముందు, బొమ్మ తర్వాత

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా వంట వీడియో చూసేవాళ్లు ఉంటారు. మాట సరిగా వినపడకపోతే ఎవరూ ఆగరు. ఫోన్‌లోని మైకు నిజానికి మంచిదే. చిక్కల్లా దూరంతోనే. మనిషి ఆరడుగుల అవతల నిలబడి మాట్లాడితే, మధ్యలో ఫ్యాను, కూలరు, గల్లీలో పోయే ఆటో, పక్కింటి మిక్సీ అన్నీ దూరిపోతాయి. అందుకే ఖరీదైన మైకు కన్నా దగ్గరగా ఉన్న మైకు మేలు.

దీనికి తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ చాలు. రూ.150 నుంచి రూ.300 మధ్య దొరుకుతుంది. తీగ మీద బటన్ ఉండే చిన్న గుండులోనే మైకు ఉంటుంది. ఆ గుండును గడ్డానికి జానెడు కింద, బట్టకు పిన్నీసుతో బిగించాలి. పిన్నీసు తీగ పక్క నుంచి పోవాలి, తీగలోంచి కాదు. చెవిలో పెట్టుకునే భాగాలు కుర్తా లోపలికి తోసేస్తే కనపడవు.

తీగ పొట్టిగా ఉందని ఎక్స్‌టెన్షన్ కొనేవాళ్లు పిన్ను చూసి కొనాలి. పిన్ను మీద మూడు గీతలుంటేనే అది మైకును కూడా మోసుకొస్తుంది. రెండే గీతలుంటే అది పాటలు వినడానికి మాత్రమే, మైకు పనిచేయదు. కెమెరాల కోసం అమ్మే కాలర్ మైకులకూ చాలావరకు రెండు గీతలే ఉంటాయి, వాటిని ఫోన్‌కు పెట్టాలంటే మార్చే పిన్ను విడిగా కావాలి. ఇయర్‌ఫోన్ రంధ్రమే లేని కొత్త ఫోన్లకు టైప్-సి ఇయర్‌ఫోన్ తీసుకోవడం సులువు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మాత్రం వద్దు. వాటి మైకుతో తీస్తే గొంతు ఫోన్ కాల్‌లో మాట్లాడినట్టు పలచగా వస్తుంది.

మైకు పెట్టాం కదా అని నేరుగా రికార్డింగ్‌లోకి దిగొద్దు. కొన్ని ఫోన్లలోని కెమెరా యాప్ బయటి మైకును పట్టించుకోదు. తెలుసుకోవడం తేలికే. రికార్డింగ్ ఆన్ చేసి ఇయర్‌ఫోన్ మైకు మీద గోటితో గీకాలి, తర్వాత ఫోన్ అడుగు భాగంలో గీకాలి. తిరిగి వింటే ఏది గట్టిగా వినిపిస్తుందో అదే పనిచేస్తున్న మైకు. ఫోన్ మైకే పనిచేస్తోందని తేలితే ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్ వేసుకుని, సెట్టింగ్స్‌లో ధ్వనికి బయటి మైకును ఎంచుకోవచ్చు.

ఇంట్లో మూలన పడేసిన పాత ఫోన్ ఉంటే ఇయర్‌ఫోన్ కూడా అక్కర్లేదు. దాన్ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఫ్రేములో కనపడకుండా ఛాతీ దగ్గర జేబులోనో, ఎదుట పుస్తకం వెనకనో పెట్టుకోవాలి. రెండు ఫోన్లూ మొదలయ్యాక ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాలి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు రెండు ఫైళ్లలోనూ నిటారుగా లేచిన గీతలా కనిపిస్తుంది. రెండు గీతలూ కలిపితే మాట, పెదవులు కలుస్తాయి. వీడియో పది పదిహేను నిమిషాలు దాటితే చివర్లోనూ ఒక చప్పట్లు కొట్టడం మంచిది. రెండు ఫోన్ల గడియారాలు కాస్త అటూ ఇటూగా నడుస్తాయి కాబట్టి చివరికొచ్చేసరికి కొంచెం తేడా రావొచ్చు.

హిజాబ్, బురఖాతో రికార్డు చేసే మహిళలకు ఇంకో ఇబ్బంది ఉంది. మైకు బట్ట లోపల ఉంటే మెడ తిప్పినప్పుడల్లా గరగరమని రాపిడి వినిపిస్తుంది. సింథటిక్ బట్టయితే మరీ ఎక్కువ. మైకును పైమడత బయట పెట్టి, దానికి రెండంగుళాల కింద తీగను చిన్న చుట్టుగా తిప్పి టేపు వేస్తే రాపిడి మైకు దాకా పోదు. దుపట్టా ఆ చోటుకు తగలకుండా ఇంకో పిన్ను పెడితే సగం గొడవ తీరినట్టే.

ఇక గది. స్లాబు పైకప్పు, నేలకు టైల్స్, ఖాళీ గోడలు.. మన ఇళ్లలో గదులు ఇలాగే ఉంటాయి, మాట గోడలకు కొట్టుకుని గుయ్యిమంటుంది. దీనికి మందు ఇంట్లోనే ఉంది: రజాయి. బట్టలు ఆరేసే స్టాండు మీద మందపాటి రజాయి లేదా బొంత వేసి, కెమెరాలో కనపడకుండా మాట్లాడే మనిషికి ఎదురుగా పెట్టాలి. రెండోది ఉంటే వీపు వెనక గోడ వైపు. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి పెట్టినా తేడా తెలుస్తుంది. కోడిగుడ్ల అట్టలు గోడకు అతికిస్తే స్టూడియో అయిపోతుందని ఇంటర్నెట్‌లో తెగ చెబుతుంటారు. అది కాలయాపన. ఆ అట్టలు పలచన, గొంతులోని బరువైన ధ్వనిని అవి ఆపలేవు. పైగా నిప్పు రవ్వ పడితే చాలు, భగ్గుమంటాయి.

ప, ఫ, భ లాంటి అక్షరాలు పలికినప్పుడు మైకు మీద గాలి కొట్టి ‘టప్’మంటే, ఎంబ్రాయిడరీ రింగుకు పాత నైలాన్ సాక్సు సాగదీసి బిగించి నోటికి, మైకుకు మధ్య పెట్టాలి. టేబుల్ మైకు వాడేవాళ్లకు ఇది అవసరం. కాలర్ మైకు నోటికి ఎదురుగా ఉండదు కాబట్టి దానికి చిన్న స్పాంజి ముక్క చాలు.

వెలుతురు: కిటికీ కన్నా మంచి లైటు లేదు

పగలు తీసే వీలుంటే లైటు కొనే పనే లేదు. కిటికీకి వీపు పెట్టకుండా, పక్కగా కూర్చోవాలి. ముఖంలో ఒక పక్క వెలుగు, ఇంకో పక్క నీడ పడుతుంది. నీడ పక్కన తెల్ల థర్మకోల్ షీటు నిలబెడితే కిటికీ వెలుగే తిరిగి ముఖం మీద పడుతుంది. షీటు రూ.50కి అటూ ఇటూ ఉంటుంది. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి తెల్ల పరదా వేస్తే చాలు.

కానీ ఇంటి పని, బయటి పని ముగించుకుని రాత్రి తొమ్మిదింటికి కూర్చునేవాళ్లే ఎక్కువ. వాళ్ల కోసం ఈ ఏర్పాటు. 20 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు, టూ పిన్ ప్లగ్గుతో వచ్చే బల్బు హోల్డర్లు రెండు, ఇంట్లో ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి. హోల్డర్లను బాక్సులో గుచ్చి బల్బులు పెట్టాలి. బల్బులు లావు కాబట్టి పక్కపక్క సాకెట్లలో పట్టవు, ఒకటి వదిలి ఒకటి వాడాలి. బాక్సును ఎత్తయిన కుర్చీ వీపుకు తాడుతో గట్టిగా కట్టాలి. బల్బులు కూర్చున్న మనిషి కళ్ల కన్నా కాస్త పైన ఉండాలి, ఎదురుగా కాకుండా ఒక పక్కకు. రెండు బల్బులూ కలిపి 40 వాట్లే కాబట్టి బాక్సు మీద లోడు అనే మాటే లేదు. వైరు కోయడం, టేపు చుట్టడం వంటివి ఈ పద్ధతిలో అసలు రావు. చెక్క మీద ఐదారు హోల్డర్లు బిగించి వైరింగ్ చేసుకోవాలనుకుంటే మాత్రం ఆ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. ఇనుప స్టాండుకు హోల్డర్ కట్టి, తేలిన వైరుకు టేపు చుట్టి, పిల్లలు తిరిగే గదిలో పెట్టడం రెండు వందల కూలి కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఒట్టి బల్బు వెలుగు కటువుగా ఉంటుంది. ముక్కు నీడ చెంప మీద గీత గీసినట్టు పడుతుంది, నుదురు మెరుస్తుంది. వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దదైతే నీడ అంత మెత్తనవుతుంది. బట్టలు ఆరేసే స్టాండు ఇంకొకటి ఉంటే దాని మీద తెల్లటి పలచని నూలు దుప్పటి ఒక్క వరస వేసి, బల్బులకు కనీసం అడుగు దూరంలో నిలబెట్టాలి. అప్పుడు వెలుగు బల్బు నుంచి కాకుండా మొత్తం దుప్పటి నుంచి వచ్చినట్టు ఉంటుంది. రింగ్ లైటు ఇవ్వలేనిది ఇదే. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు రింగ్ లైటు ఇంకా ఇబ్బంది, అద్దాల్లో రెండు తెల్ల గాజులు మెరుస్తూ కూర్చుంటాయి.

దుప్పటిని ముఖానికి మూడడుగుల్లో పెట్టడం మంచిది. ఆరడుగులకు జరిపితే అందే వెలుగు సగం కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. లైటు చాలడం లేదని ఇంకో బల్బు కొనేముందు ఉన్నదాన్ని దగ్గరికి జరిపి చూడాలి.

బల్బు డబ్బా మీద 6500 కె అని ఉంటే తెల్ల వెలుగు, 2700 లేదా 3000 కె అని ఉంటే పసుపు. ఏదైనా ఫర్వాలేదు, కానీ అన్నీ ఒకటే రంగువి కావాలి. ఒక పక్క తెలుపు, ఇంకో పక్క పసుపు పడితే ముఖం సగం నీలంగా, సగం పచ్చకామెర్లు వచ్చినట్టు కనపడుతుంది. వేరే రంగు ట్యూబ్‌లైటు గదిలో ఉంటే ఆర్పేయాలి.

వీడియోలో నల్ల పట్టీలు పైనుంచి కిందికి పాకుతుంటే అది ఫోన్ తప్పు కాకపోవచ్చు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం బల్బుల వెలుగు దాంతోపాటు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. బల్బును ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి చూస్తే ఏ బల్బు కొట్టుకుంటోందో దొరికిపోతుంది. దాన్ని మార్చాలి. లేదంటే కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్‌ను 1/50 లేదా 1/100 దగ్గర పెట్టాలి. సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ ఉంటే 50 హెర్ట్జ్ ఎంచుకోవాలి.

ఇంకో సంగతి. నల్ల బురఖా వేసుకుని కూర్చుంటే ఫ్రేమంతా నలుపే కనిపించి, చీకటిగా ఉందనుకుని ఫోన్ వెలుగు పెంచేస్తుంది. ఫలితంగా ముఖం, చేతులు సున్నం కొట్టినట్టు తెల్లబోతాయి. మెహందీ రంగు కూడా పోతుంది. తెల్ల కుర్తా వేసుకుంటే దీనికి రివర్స్, ముఖం నల్లబడుతుంది. స్క్రీన్ మీద ముఖాన్ని, మెహందీ వీడియో అయితే చేతిని, వేలితో కాసేపు నొక్కిపట్టి లాక్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకో కిందికో జరపాలి. దీనికి నయాపైసా ఖర్చు లేదు. ఖరీదైన ఫోన్ కొన్నా ఈ పని తప్పదు.

పైనుంచి తీసే స్టాండు

ఎదురుగా నిలబెట్టే ట్రైపాడ్ చేసుకోవడం వృథా, మార్కెట్లో చవగ్గానే ఉంది. అదీ లేకపోతే కిలో శనగలు గుడ్డ సంచిలో పోసి మూతి కుట్టి, పుస్తకాల దొంతర మీద పెట్టి అందులో ఫోన్‌ను కుదేస్తే కదలకుండా ఉంటుంది. చేసుకోవాల్సింది పైనుంచి కిందికి తీసే స్టాండు. మెహందీ, మగ్గం, కుట్టుపని, ఖుష్‌ఖతీ అంటే చేతిరాత, కాగితం మీద లెక్కలు.. వీటన్నింటికీ చేతులు కనిపించాలి. అలాంటి రెడీమేడ్ స్టాండ్లలో చవకవి ఫోన్ బరువుకు మెల్లగా వంగిపోతాయి, మంచివి ధర ఎక్కువ.

పదడుగుల ముప్పావు ఇంచు పీవీసీ పైపు ఒకటి చాలు. రెండడుగుల ముక్కలు రెండు, నిలువు కాళ్లకు. రెండున్నర అడుగుల ముక్క ఒకటి, పైన అడ్డానికి. అరడుగు ముక్కలు నాలుగు, కింద పాదాలకు. మొత్తం ఎనిమిదిన్నర అడుగులు, మిగిలింది పొరపాటుకు. రెండు ఎల్బోలు పై మూలలకు, రెండు టీలు కింద, నాలుగు ఎండ్ క్యాపులు పాదాల చివర్లకు. బిగిస్తే టేబుల్ మీద చిన్న గుమ్మంలా నిలబడుతుంది. జిగురు వేయొద్దు, విప్పి మంచం కింద పెట్టుకునే వీలు పోతుంది. వదులుగా ఉన్న జాయింటుకు ఒక చుట్టు టేపు వేసి తోస్తే చాలు. పాదాల్లో పొడి ఇసుక పోసి క్యాపులు పెడితే ఊగదు.

అసలు కిటుకు ఫోన్ క్లిప్పు బిగించే చోట ఉంది. అడ్డం పైపు మధ్యలో రంధ్రం వేయాలి. అందరూ చేసినట్టు పైనుంచి కిందికి వేస్తే ఫోన్ నిలువుగా వేలాడి ఎదుటి గోడను చూస్తుంది. రంధ్రం ముందు నుంచి వెనక్కి వేయాలి. అప్పుడు బోల్టు అడ్డంగా బయటికొస్తుంది, దానికి బిగించిన క్లిప్పులో ఫోన్ పడుకుని టేబుల్‌ను చూస్తుంది. రెండించుల బోల్టు, రెండు వాషర్లు, రెండు నట్లు కావాలి. ఒక నట్టు పైపును పట్టుకోవడానికి, రెండోది క్లిప్పు వెనక బిగించి అది తిరగకుండా ఆపడానికి.

బోల్టు సైజు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. కెమెరాలకు, ట్రైపాడ్లకు, ఫోన్ క్లిప్పులకు ప్రపంచమంతా వాడే మర పావు ఇంచు, ఇంచుకు 20 చుట్లు. షాపులో ‘ఆరు నంబర్’ అని ఇచ్చే 6 మిల్లీమీటర్ల బోల్టు చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, ఒకటి రెండు చుట్లు తిరిగి ఆగిపోతుంది. బలవంతంగా తిప్పితే క్లిప్పులోని చూడీ అరిగిపోతుంది.

వంట చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఈ స్టాండును టేబుల్ మీద కూరగాయలు తరగడానికి వాడుకోవచ్చు, పొయ్యి మీద మాత్రం వద్దు. పీవీసీ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఆవిరికి లెన్సు మసకబారుతుంది, ఫోన్ వేడెక్కి రికార్డింగ్ ఆపేస్తుంది. గిన్నెలో ఫోన్ పడితే చెప్పనక్కర్లేదు. పొయ్యికి మూడడుగుల పక్కన, కాస్త ఎత్తులో ట్రైపాడ్ పెట్టి వాలుగా తీయడమే దారి. వెలుగు కోసం కట్టిన దుప్పటి కూడా పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు.

డ్రాయర్ చానల్‌తో స్లైడరు, ఫొటో ఫ్రేము అద్దాన్ని 45 డిగ్రీల్లో నిలబెట్టి టెలీప్రాంప్టరు, ఇనుప పైపులతో బరువు కట్టిన స్టెడీక్యామ్.. ఇవన్నీ ఇంట్లో చేసుకోవచ్చు. అమెరికాలో జానీ చుంగ్ లీ అనే విద్యార్థి ఒకప్పుడు 14 డాలర్ల సామానుతో స్టెడీక్యామ్ చేసి పేరు తెచ్చుకున్నాడు. సరదాకు మంచివే. కానీ కూర్చుని పాఠం చెప్పే సారుకు కదిలే కెమెరా ఎందుకు?

లెక్క ఎంతైంది?

ఇయర్‌ఫోన్, స్పాంజి, పిన్నీసులు కలిపి రూ.250. బల్బులు, హోల్డర్లు, థర్మకోల్ కలిపి రూ.600 వరకు. పైపు, ఎల్బోలు, టీలు, క్యాపులు, బోల్టు, ఫోన్ క్లిప్పు రూ.400 నుంచి రూ.500. షాపును బట్టి, బ్రాండును బట్టి కొంత తేడా వచ్చినా పదిహేను వందలు దాటదు. రజాయి, దుప్పటి, ఆరేసే స్టాండు ఇంట్లోవే. పగలు మాత్రమే, ముఖం చూపిస్తూ తీసేవాళ్లకైతే మొదటి రూ.250, థర్మకోల్ షీటు చాలు.

అన్నీ ఇంట్లోనే చేయాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. ఫోన్ క్లిప్పు వంద రూపాయలకు దొరుకుతుంటే చెక్కతో చెక్కుకుంటూ ఒక ఆదివారం పోగొట్టుకోవడం దండగ. ఆ రోజు రెండు వీడియోలు తీయొచ్చు. ఛానల్ నడిచి, చేతికి డబ్బు వచ్చాక మొదట కొనాల్సింది వైర్‌లెస్ మైకు. తీగ బాధ పోతుంది, నడుస్తూ మాట్లాడొచ్చు. బల్బులు, పైపు స్టాండు అప్పుడూ పనికొస్తాయి.

హైదరాబాద్‌లో ఫోన్ క్లిప్పులు, ఇయర్‌ఫోన్లు, మార్చే పిన్నులకు అబిడ్స్ జగదీశ్ మార్కెట్, ఎలక్ట్రానిక్స్ సామానుకు కోఠి గుజరాతీ గల్లీ, నట్లు బోల్టులకు రాణిగంజ్, బేగంబజార్ ఉన్నాయి. పైపు ఏ గల్లీ శానిటరీ షాపులోనైనా దొరుకుతుంది, కొలత చెబితే చాలా షాపుల వాళ్లు అక్కడే కోసిస్తారు. మిగతా ఊళ్లలో ఎలక్ట్రికల్ షాపు, హార్డ్‌వేర్ షాపు ఉంటే సరిపోతుంది. ముందు ఫోన్ క్లిప్పు కొని, దాన్ని వెంట పెట్టుకుని హార్డ్‌వేర్ షాపుకు వెళ్లాలి. బోల్టును అందులో చేత్తో చివరిదాకా తిప్పి చూశాకే డబ్బులివ్వాలి.